తేదీ ముద్ర

ఈ రేవు పట్నం కోర్టులో
ఇరవై రెండేళ్లుగా తేదీ ముద్ర నాది.
పొద్దున్నే, కోటు విప్పకముందే,
రబ్బరు చక్రాన్ని ఒక్క అంకె ముందుకు జరుపుతాను.
వెనక్కి కూడా తిరుగుతుంది అది.
తిప్పను, అంతే.

ఫిలొమీనా కియో వచ్చిన రోజు
న్యూఫౌండ్‌లాండ్ అంతా తెల్లగా మూసుకుపోయి ఉంది.
బూట్ల మంచు గుమ్మంలోనే దులుపుకుని
చేపల ఫ్యాక్టరీ సంచిలోంచి ఎక్స్‌రే తీసి
నా కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.
పొత్తికడుపు మసకలో సన్నటి వంకర గీత.
"గుడ్డ కనబడదమ్మా,
అందులో నేసిన దారమే కనబడుతుంది" అంది,
నాకేదో కుట్టుపని నేర్పుతున్నట్టు.
నొప్పి అని వెళ్లిన ప్రతిసారీ
ఈ వయసులో మామూలే అన్నాడట డాక్టర్ ట్రిమ్.

గడువు కత్తి పెట్టిన రోజు నుంచి.
తెలిసిన రోజు నుంచి కాదు.
వేళ్ల మీద లెక్కపెట్టాను, తర్వాత క్యాలెండర్ మీద.
పదకొండు రోజులు.
కాలదోషం పట్టింది, అన్నాను.
దోషం కాలానిదా అని ఆమె అడగలేదు.
రాత్రి కాడ్ చేప ముళ్లు తీస్తూ
నన్ను నేనే అడుక్కున్నాను.

మే నెలలో కొత్త చట్టం వచ్చింది, సిరా వాసనతో.
ఇకమీదట తెలిసిన రోజు నుంచే లెక్క.
మధ్యాహ్నం సూప్ చల్లారిపోతున్నా
పంతొమ్మిది సెక్షన్లూ వెతికాను ఒక్క వాక్యం కోసం.
నిన్నటివాళ్ల సంగతి ఎక్కడా లేదు.

లాయర్ స్నెల్‌గ్రోవ్ గొడుగు దులుపుతూ చెప్పాడు:
"కొన ఊపిరితో ఉన్న దావాకి ఆయుష్షు పోయొచ్చు.
పోయినదాన్ని లేపాలంటే
చట్టం నోరు విప్పి ఆ మాట అనాలి.
అనలేదుగా.
ట్రిమ్ కాగితాలన్నీ తగలబెట్టుకున్నాడు,
నర్సు చచ్చిపోయింది,
ఆయన మాత్రం ఎవర్ని సాక్ష్యం తెస్తాడు?"

అదీ నిజమే.
ఆదివారాలు చర్చి మెట్ల మీద చూస్తాను ట్రిమ్‌ని,
చేతికర్ర వణుకుతుంటుంది.
అయిపోయింది అనుకుని నిద్రపోవడం
ఆయనకీ ఒక హక్కేనేమో.
కానీ చట్టం నోరు మెదపకపోతే
ఆ మౌనం ట్రిమ్‌దే అని ఎవరన్నారు?
అది తేల్చేది జడ్జి. నేను కాదు.
నా జీతం ముద్రకి.

జూన్‌లో మళ్లీ వచ్చింది ఫిలొమీనా.
బల్ల మీద ఊరగాయ సీసా పెట్టింది.
లోపల, స్పిరిట్‌లో,
తడిసిన పక్షి రెక్కలా ముడుచుకుపోయి, అది.
"తీసుకుంటారా?"
కాగితాల మీద ఆ రోజు ముద్ర వేశాను.
చెల్లుతుందని కాదు, చేరిందని.

సీసా మెడకి కట్టే చీటీలో
తేదీకి ఒకటే గడి.
లోపల పెట్టినదా, బయటపడ్డదా?
అడుగుదామని తలెత్తితే
ఆమె కిటికీలోంచి ఫెర్రీ వైపు చూస్తోంది,
కడుపు మీద చేయి, అలవాటుగా.

కళ్లద్దాలు సర్దుకుని
చీమ కాళ్లంత అక్షరాలతో
ఆ ఒక్క గడిలోనే
రెండు తేదీలూ ఇరికించాను.