మిగతాది రేపు

ఇరవై ఏళ్లు కాట్రేనికోన చెరువుగట్ల మీద
రొయ్యల మందులమ్మాను.
రైతు సీసాలో నీళ్లు తెచ్చేవాడు.
చుక్క వేసి, రంగు చూసి
బస్తా పేరు చెప్పేవాణ్ణి.
ఎందుకని ఎవరూ అడగలేదు.
అడిగినా, నా సంచిలో అది ఉండేది కాదు.

నలభై మూడో ఏట బీఎడ్.
పక్క బెంచీ కుర్రాడు
"అంకుల్, పెన్నుందా?" అన్నాడు.

ఇప్పుడు ఎనిమిది బి, నాలుగో పీరియడ్.
మందార రేకులు నలిపిన గ్లాసులో
నిమ్మరసం పడగానే గులాబీ ముదిరింది.
ఇంకో గ్లాసులో సున్నపుతేట పోస్తే
పచ్చబడింది.
క్లాసంతా ఓ అని అరిచింది.

వీరవేణి అరవలేదు.
వాళ్ల నాన్న చెరువు కాపలా.
"సార్, తెల్లారగట్ల రొయ్యలు
పైకొచ్చి తేల్తాయెందుకండి?"

సరిగ్గా ఆ వేళకే నాకు ఫోన్లొచ్చేవి.
మగతలోనే ఏదో పొడి పేరు చెప్పి
అటు తిరిగి పడుకునేవాణ్ణి.

సుద్దముక్కతో బోర్డు మీద
ఒక రాత్రిని గీశాను.
చెరువు, నాచు,
ఎండ లేక ఇవ్వడం మానేసి
తానూ ఊపిరి లాక్కుంటున్న పచ్చదనం.
సగంలో చెయ్యి ఆగింది.
"మిగతాది రేపమ్మా. నేనూ చదువుకుని రావాలి."

తల వంచి నోట్సులో రాసుకుంది,
కింద గీత కూడా కొట్టి:
మిగతాది రేపు. సారు చదువుకుని వస్తారు.