బల్బులు మార్చిన ఏడాది

మసేరు ఊరి చివర, జీన్స్ కుట్టే షెడ్లలో
గంటకోసారి బోర్డు మీద అంకె వెయ్యడం నా పని.
ఏడో లైను. నడుంపట్టీలు.
వానలో పుట్టానని పులేంగ్ అని పేరు పెట్టారు,
పదకొండేళ్లుగా నా మీద రాలేది సుద్దపొడి.

అప్పట్లో నెత్తి మీద పొడుగు ట్యూబులైట్లు.
జనవరి మధ్యాహ్నం రెండింటికి
పెనం మీద కూర్చుని కుట్టినట్టుండేది.
రెండు గంటల గడి ఎప్పుడూ కుంటుతూనే వచ్చేది.
తొంభై.
ఎనభై ఎనిమిది.
ఖొపొట్సో మిషను మీదికి ఒరిగిపోయిన రోజు
డెబ్బై ఒకటి.
ఆమెని మోసుకెళ్లిన ఇద్దరి చేతులూ
ఆ లెక్కలోంచే పోయాయి.

తర్వాత ట్యూబులైట్లు పీకేసి
ఒక్కో సూది పక్కన గోరంత దీపం బిగించారు.
కరెంటు బిల్లు కోసమే, మా కోసం కాదు.
అయినా వేడి తగ్గింది.
కుంటే గడి నడుం నిలబెట్టింది.
నూట రెండు. నూట నాలుగు.
మేనేజరు లియావో వచ్చి
నా చేతిరాతని ఫోటో తీసుకున్నాడు.

నీళ్ల సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు.
ఇదివరకు మొహొకరే నది ఏ రంగులో పారుతోందో చూసి
ఈ నెల ఏ ఆర్డరో చెప్పేసేవాళ్లం.
కొత్త తొట్లు కట్టి
వాడిన నీళ్లే మళ్లీ వాడమన్నారు.
వాషింగులో ట్లొట్లిసొ తల పట్టుకున్నాడు.
"నీళ్లకి జ్ఞాపకం ఎక్కువ,
నిన్నటి నలుపు తెచ్చి ఇవాళ్టి నీలంలో కక్కుతాయి" అనేవాడు.
లాట్లకి లాట్లు వెనక్కొచ్చాయి.
మూడు నెలలు బోనసు లేదు.
మొక్కజొన్న పిండి అప్పుతెచ్చి
నదిని తిట్టుకున్నాం,
అది తేరుకుంటున్నందుకు.

నాలుగో నెలలో అతను
నాలిక మీద చుక్క వేసుకుని ఉప్పు ఎంతో చెప్పడం మొదలెట్టాడు.
యంత్రం చెప్పేదీ అతను చెప్పేదీ ఒకటే అయ్యేదాకా
ఎన్ని చుక్కలు మింగాడో
ఏ ఫైల్లోనూ లేదు.

చలికాలంలో ఒకావిడ ఆడిటుకొచ్చింది.
ఉత్పత్తి పెరగడానికి కారణాలేంటని అడిగింది,
లియావోని.
దీపాలు, తొట్లు, కప్పు మీద సోలారు పలకలు,
వరసగా చెప్పాడు. అబద్ధం ఒక్కటీ లేదు.
నేను బోర్డు పక్కనే నిలబడ్డాను
డస్టరు పట్టుకుని.
నన్నడిగితే
నాలిక సంగతి చెప్పేదాన్ని.

ఆమె కారు గేటు దాటిన వారానికి
టార్గెట్ గడి తుడవమన్నారు.
తొంభై ఐదు పోయి నూట పది.
చల్లబడ్డ గాలిని కూడా
మా చేతనే కుట్టించారు.

ఆదివారం ఖొపొట్సో దుప్పటి ఉతకడానికి నదికెళ్లి
మోకాల్లోతులో తన పాదాలు కనిపించాయంది.
బొటనవేలి గోరు పగిలుందని
అప్పుడే చూసుకుందట.
నవ్వుతూ చెప్పింది, నడుంపట్టీ తిప్పి కుడుతూ,
ఒక్క క్షణం చెయ్యి ఆపి.

ఇవాళ రెండు గంటల గడిలో
నూట తొమ్మిది.

లియావో చూస్తున్నాడు.
తక్కువైన ఆ ఒక్కటీ ఎక్కడుందో నాకు తెలుసు.
సుద్ద గట్టిగా అదిమి రాశాను,
తొమ్మిది తొమ్మిదిలాగే కనబడేలా.