సున్నా గీత

చీమకుర్తి బస్టాండు ఎనక, టైర్ల కొట్టు పక్కన
నా మిషను.
మా తాత ఈ వీధిలోనే దూది ఏకేవాడు,
విల్లు మోగితే వీధంతా తుమ్మేదంట.
నాకు విల్లు లేదు. సూది ఉంది.

క్వారీ చొక్కాలు ఎక్కడ చిరుగుతాయో నాకు తెలుసు.
డ్రిల్లు పట్టినోడిది కుడి చంక,
రాళ్ళకి గొలుసులు తగిలించేవాడిది మెడపట్టీ.
వీపుల మీద ఉప్పు
ఎండిపోయిన చెరువు అంచులా తెల్లగా, వరస మీద వరస.
ఏ వరస ఏ రోజుదో కూడా చెప్పగలను
ఉతక్కుండా తెస్తే.

ఒంగోలు కాలేజీ నించి ఆశ్రిత అనే పిల్ల వచ్చింది,
చేతిలో బూడిదరంగు దారపుండ.
వెండి పూత పూసిందంట.
"ఇది చెమట తాగి కబురు చెప్పుద్దక్కా" అంది.
ఒంట్లోంచి ఎంత ఉప్పు పోతోందో, ఎన్ని నీళ్ళు పోతున్నాయో
ఫోనులో గీత గీసి చూపిచ్చుద్దంట.
ఇరవై బనీన్లకి వీపు మధ్యన కుట్టాలి.
బనీనుకి నలభై అన్నారు.
యాభై అడిగా. ఇచ్చారు.

వెండి దారం బెట్టు చేసుద్ది.
బెజ్జంలో దూర్చబోతే పీచు లేసుద్ది,
బిగిస్తే తెగుద్ది, వదిలితే ఒంటికి ఆనదు.
మూడో బనీనుకి గానీ దాని తీరు పట్టుబడలా:
చంటిదాని బోసి జుట్టుకి పిలక వేసినట్టు
లాగీ లాగకుండా.

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు.
మా ఊళ్ళో రోళ్ళని కన్న కొండే పగులుద్ది,
లోపల నల్లరాయి, రాయి నిండా బంగారు చుక్కలు,
ఏ దేశంలో ఎవరి వంటగట్టుకో.
ఆ గుంటలోకి గాలి దిగదు.
ఎండ దిగుద్ది.

మొదటి వారం అందరికీ అదో సరదా.
"నీ గీత ఎంతరా?"
"ఉప్పు నీకే ఎక్కువ, మీ అత్త పెట్టిన ఊరగాయ!"
మేస్త్రీ కూడా ఫోనులోకి తొంగిచూసి
"గీత కింద ఉన్నోడు పని ఎగ్గొట్టినట్టేగా" అన్నాడు.
ఎవరూ నవ్వలా.
ఆశ్రిత ఫోను బోర్లా తిప్పి పట్టుకుంది.

గురువారం పైటేల కబురొచ్చింది.
"అక్కా, ఏడో బనీను దారం తెగినట్టుంది,
గీత సున్నా మీద పడుకుంది, సూది తెచ్చుకో."
ఆటోలో పోయా, సూదిపెట్టె ఒళ్ళో పెట్టుకుని,
నా కుట్టు తెగిందన్న సిగ్గుతో.

ఏడో బనీను మాలకొండయ్యది. పామూరు మనిషి.
రాతి నీడన కూచోబెట్టారు.
"బిన్నా కుట్టమ్మా, డ్యూటీ ఉంది" అన్నాడు.
మళ్ళీ అదే అన్నాడు.
మూడోసారి
నన్ను ఎవరో చెంచమ్మా అని పిలిచాడు.

దారం తడుముదామని వీపు మీద చెయ్యేశా.
కుట్టు కుట్టులాగే ఉంది.
ఒక్క పోగు లేవలా.
బనీను పొడి.
ఎనిమిదేళ్ళుగా ఈ మనిషి బట్టలు పట్టుకుంటున్నా,
పొడిగా ఏనాడూ లేవు.
బట్ట కింద ఒళ్ళు
పొయ్యి మీది పెనం.

"దారం తెగలా" అన్నా.
"మనిషికే చెమట అయిపోయింది."

రాయి కోసేటప్పుడు పోసే నీళ్ళ పైపు
ఎవరు లాక్కొచ్చారో గుర్తులేదు.
నెత్తిన, మెడన, చంకల్లో నీళ్ళు.
బనీను కత్తిరించా నేనే,
యాభై రూపాయల కుట్టు, నిలువునా.
అంబులెన్సు గుంటలోకి దిగేదాకా
ఆశ్రిత లెక్కల పుస్తకంతో విసురుతానే ఉంది.

బతికాడు. పది రోజులు పెద్దాసుపత్రిలో.
పామూరులో బడ్డీకొట్టు పెట్టాడని ఒకరు,
కాదు, కంభం వైపు బోరుబండి మీద ఉన్నాడని ఒకరు.

క్వారీ ఆఫీసు గోడకి ఆశ్రిత కాగితం అంటించింది:
సున్నా పడితే ముందు మనిషిని చూడండి, తర్వాత దారాన్ని.
మేస్త్రీ దాని మీద కేలండరు తగిలించాడు.
బనీన్లు ఇవ్వడానికి పోయినప్పుడల్లా
నేను దాన్ని తీసి పక్కమేకుకి మారుస్తా.

మళ్ళీ పన్నెండు బనీన్లు ఆర్డరు.
ప్రతిదాని లోపలివైపు, వెండి దారం పక్కనే,
ఎర్రనూలుతో వేలిగోరంత సున్నా కుడతన్నా.
అది ఆర్డరులో లేదు.
దానికి డబ్బులు అడగలా.