నాలుగో గడి

గురువారం తెల్లారకముందే ఫహహీల్ మాంసం మార్కెట్‌లో
పన్నెండు గుండెలు కావాలని అడిగితే
ఆ మిస్రీ కసాయి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, పదిహేడేళ్ళుగా.
"ఎవరి ప్రేమ కోసం, మస్తాన్?"
"పదకొండో తరగతి కోసం."
గొర్రె గుండెలు. కవర్లో ఇంకా వెచ్చగా.
బస్సులో పక్కసీటువాడు జరిగి కూర్చుంటాడు.

నాది బడిలో ల్యాబ్ అటెండర్ పని.
రాయచోటిలో ఎనిమిది తప్పినోణ్ణి.
ఇక్కడ మాత్రం కుడి జఠరిక ఏదో, ఎడమది ఏదో
కళ్ళు మూసుకుని తడిమి చెప్తాను.
గోడ మందంగా ఉన్నది ఎడమది.
ఎక్కువ దూరం తోసేవాడికే ఒళ్ళు గట్టిపడుతుంది.

తెల్లకోటు మీద ఆశతో పిల్లలంతా వస్తారు.
కొందరికి కత్తి పట్టగానే కళ్ళు తిరుగుతాయి,
కామర్సుకు మారిపోతారు. తప్పేం లేదు.
తబిత మారలేదు.
వాళ్ళమ్మ రాత్రి డ్యూటీ నర్సు, మార్కాపురం మనిషి.
మొదటిరోజే ఆ పిల్ల, కొయ్యకముందు,
గుండెను అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది
వంకాయలమ్మే దానిలా.

ప్రాజెక్టుకు అందరూ థర్మాకోలుతో డీఎన్‌ఏ మెట్లు కట్టారు.
తబిత నన్నడిగింది:
"అంకుల్, మీ బిల్డింగులో ఎండలో పనిచేసేవాళ్ళు ఎందరు?"
చెప్పాను. మహబూలా, మూడో అంతస్తు,
ఒక్క బాత్రూముకు పద్నాలుగు మందిమి.
"వాళ్ళు ఉచ్చ రంగు చూసుకుంటారా?"
నాకు సిగ్గేసింది. ఆ పిల్లకు వెయ్యలేదు.

మరుసటి గురువారం గుండెలతో పాటు
రెండు మూత్రపిండాలు కొన్నాను, నా డబ్బుతో.
నిలువుగా చీల్చి చూపించింది.
"టీ వడగట్టే గుడ్డ లాంటిది అంకుల్.
నీళ్ళు పొయ్యకుండా రోజూ పిండితే
గుడ్డే చిరుగుతుంది."

కార్డు చేసింది. నాలుగు గళ్ళు.
అమ్మ బైబిలు చూసి నేర్చుకున్న తెలుగు,
ఒత్తులు అక్కడక్కడా తప్పు.
నిమ్మకాయ నీళ్ళ రంగు: బాగుంది.
శనగనూనె రంగు: తాగు.
తేనె రంగు: ఇప్పుడే తాగు, నీడకు పో.
డికాషన్ రంగు: డాక్టరు దగ్గరికి.

బాత్రూము గోడకు అంటించిన రోజు
మావాళ్ళు పడీపడీ నవ్వారు.
"దీనిక్కూడా పరీక్ష పెడతారా ఏంది, మస్తానూ?"
మే నెల ముదిరింది. నవ్వులు తగ్గాయి.
నీళ్ళ క్యాన్లు నాలుగు చాలేవి, ఏడు పడుతున్నాయి.

ఒక రాత్రి తలుపు తట్టాడు ఓబులేసు,
ఇనుపకడ్డీలు వంచేవాడు, మాట తక్కువ మనిషి.
లోపలికి రాలేదు. నేల చూస్తూ చెప్పాడు:
"మస్తాన్‌బాయ్,
నాది మూడురోజుల్నించి నాలుగో గడి."

తెల్లారి క్లినిక్కులో లైను. రక్తం. మళ్ళీ లైను.
కాగితం మీద క్రియాటినిన్ పక్కన
పైకి చూసే బాణం.
ఫోటో తీసి తబిత వాళ్ళమ్మకు పంపాను.
"ఆలస్యం కాలేదు" అని ఒక్క ముక్క వచ్చింది.
అయినా నాలుగు రోజుల జీతం పోయిందని
ఓబులేసు ఇప్పటికీ నా మీద కోపంగానే ఉన్నాడు.
పలకరిస్తే పలకడు. నీళ్ళు మాత్రం తాగుతాడు.

ప్రాజెక్టుకు ఇరవైకి పద్నాలుగు వేశారు.
ఎర్ర సిరాతో, 'నమూనా చాలదు.'
"మనిషికో మార్కు, లెక్క సరిపోయింది అంకుల్"
అని నవ్వింది గానీ
సింకు దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది.
డాక్టరవుతుందో, ల్యాబులో కూర్చుంటుందో
ఇంకా తేల్చుకోలేదు.
వాళ్ళమ్మ మాత్రం, నర్సు తప్ప ఏదైనా, అంటుంది.

ఆవిరికి కార్డు అంచులు లేచాయి.
టేపు మళ్ళీ వేశాను.
నాలుగో గడి వెలిసి, మూడోదానిలా కనబడుతోంది.
అలా ఉండకూడదు.
ఈ గురువారం గుండెలు ఫ్రిజ్జులో పెట్టాక
ఆఫీసులో అడగాలి,
ఒక్క కాగితం, రంగు ప్రింటు.