మూడో గది ఆలస్యం

ముందు ఖాళీ అవునో కాదో చూడాలి.
"ఖాళీదేనండీ" అంది ఆమె కౌంటర్ మీద పెడుతూ.
అందరూ అదే అంటారు.
ఆరు గదుల్లోనూ చిటికెనవేలు పెట్టి తడిమాకే
ఎవరి మాటైనా నమ్ముతాను.

బఫలో ఊళ్లో ఫిబ్రవరి. వయోమింగ్ గాలి
తలుపు సందులోంచి మంచుపొడిని లోపలికి తోస్తోంది.
ఆమె పేరు మైటే ఎచెపారె. తండ్రి ఆర్నో,
ముప్ఫై ఒక్క వేసవులు బిగ్‌హార్న్ కొండల మీద
గొర్రెల వెంట తిరిగిన బాస్క్ మనిషి.
రివాల్వర్ ఐబార్‌లో చేసినది. ముద్ర సగం చెరిగింది.
ఆ కాలపు ఉక్కు కొంచెం మెత్తన:
గోరు దిగేంత కాదు గానీ
మనిషి అలవాట్లు దిగేంత.

"ఏమిటి జబ్బు?"
"తెలీదు. ఒక్కోసారి మొరాయిస్తుందనేవాడు."

చెవి దగ్గర పెట్టుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.
ఎడమచేతి వేలు సిలిండర్‌కి రవంత అడ్డం ఆనించి
హామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగాను,
పాల మీద మీగడ తీసినంత నెమ్మదిగా.
టక్. గొళ్లెం పడింది. ఒకటి.
టక్. రెండు.
మూడోసారి హామర్ నిటారుగా నిలబడిపోయింది,
గొళ్లెం పడలేదు.
వెంట్రుకవాసి తేడా. సిలిండర్ ఇంకా దారిలోనే ఉంది,
తాళి కట్టాక వచ్చిన చుట్టంలా.
నాలుగు, ఐదు, ఆరు బుద్ధిమంతులు.
మళ్లీ మూడు. మళ్లీ ఆలస్యం.

ఇలాగే పేలిస్తే గుండు గొట్టం అంచుని గీరుకుంటూ పోతుంది,
సీసం తునకలు పక్కవాడి చెంప మీద చిమ్ముతాయి.

సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపాను: పాలపన్నులా ఊగింది.
రేకులు దూర్చి సందు కొలిచాను.
నిలబడ్డ హామర్‌ని వెనకనుంచి నెట్టాను, జారలేదు.
అదొక్కటీ గట్టిది.

పక్కపలక విప్పాను.
లోపల సిలిండర్‌ని తిప్పే చిన్న ఇనుపముక్క ఉంటుంది.
మా పనివాళ్లం దాన్ని చెయ్యి అంటాం.
దాని కొస
చప్పరించి ఉమ్మిన చింతగింజలా నున్నబడింది.
పళ్లచక్రంలో మూడో పన్ను మిగతావాటికన్నా కురచ.
సిలిండర్ చుట్టూ నీలిపూత చెరిగి
వెండి మొలతాడు కట్టినట్టు ఒక గీత.
వేలసార్లు. ఎన్ని వేలో చెప్పలేను.

సరే, బాగా వాడాడు అనుకున్నాను,
గొట్టంలోకి దీపం పెట్టి చూసేదాకా.

గొట్టం కొత్తది.
గాడుల అంచులు ఇంకా వేలికి తగులుతున్నాయి.
గదుల మూతుల దగ్గర కాలిన మచ్చ లేదు.
దీంట్లోంచి పట్టుమని పది గుళ్లు పోలేదు.

ఎత్తడం, దించడం. ఎత్తడం, దించడం.
పొయ్యి ఆరిన గొర్రెలబండిలో, గుడ్డపైకప్పు కింద,
దగ్గరి మనిషి రెండు రోజుల నడక దూరంలో.

"కయోటీల కోసం ఉంచుకున్నాడు" అంది మైటే.
ఔననలేదు, కాదనలేదు.
ఇనుము నిజం చెబుతుందని
నాకు పని నేర్పిన టోర్వాల్డ్ అంటూండేవాడు.
చెబుతుంది, సగం.
ఎన్నిసార్లో చెబుతుంది, ఎందుకో చెప్పదు.

పలక బిగించి, ఎక్కడ ఆగుతోందో చూపిద్దామని
ఆమె ముందు మరోసారి తిప్పాను.
టక్. టక్. చప్పుడు లేదు. టక్.
ఆమె కౌంటర్ అంచు పట్టుకుంది.
"ఇదా?" అంది. "ఇదేనా అది?
చలికాలం ఇంటికొచ్చినప్పుడు గోడవతల వినపడేది.
వాచీకి కీ ఇస్తున్నాడనుకుని నిద్రపోయేదాన్ని."

కాసేపు గాలే మాట్లాడింది.

కొత్త చెయ్యి చేసి, పళ్లకి కుదిరేలా ఆకురాయి పట్టాలి,
రెండు వారాలు, నూట నలభై డాలర్లు అన్నాను.
ఇరవై ఇచ్చింది.
చీటీ మీద రాశాను: మూడో గది ఆలస్యం. చెయ్యి అరిగింది.
ఇంకేం రాయడానికీ అందులో గడి లేదు.

రివాల్వర్ నా దగ్గర వదిలి
అది చుట్టి తెచ్చిన నూనెగుడ్డని మాత్రం
నాలుగు మడతలు పెట్టి
కోటు లోపలి జేబులో దోపుకుని వెళ్లింది.