మేకు

గోడమీద చెమ్మ
ఆదివారానికి అరచేతంత, గురువారానికి జల్లెడంత.
త్బిలిసిలో ఆ వారం చినుకు లేదు.
కొళాయిలన్నీ కట్టేసినా
మీటరు ముల్లు తిరుగుతూనే ఉంది,
దొంగనిద్రలో కనురెప్పలా.

పైవాటా నాతెలా మీదే అనుమానం.
ఆవిడ ఫ్లష్ ట్యాంకులో బీట్‌రూట్ రసం పోశాను.
"పులుసు కాస్తావా ఇందులో?" అని నవ్వింది.
రెండు రోజులు కాచుకున్నా
చెమ్మ ఎర్రబడలేదు,
నా మొహమే.

ప్లంబర్ ఎల్గూజా
స్క్రూడ్రైవర్ పిడి చెవికానించి
గోడంతా విన్నాడు, చాడీలు వినేవాడిలా.
గడియారం తీయమన్నాడు.

పోయిన చలికాలం నేనే కొట్టిన మేకు.
సూటిగా గొట్టంలోకి.
తను పొడిచిన చిల్లును
ఇన్నాళ్ళూ తనే మూసుకుని నిలబడి
తుప్పుపట్టి, చేతులెత్తేసింది.

ఎల్గూజా దాన్ని పీకి
నా జేబులో వేశాడు.

పైన నాతెలా నడుస్తోంది.
ఒక్కో అడుగూ వినిపిస్తోంది.