వెయ్యని ఉప్పు

ముందు చిక్కుడుపాదు పోయింది.
ఆకుల అంచులు కాలిన కాగితంలా ముడుచుకుని
పందిరి మీదే ఎండిపోయింది.
తర్వాత ఆనప. ఆ తర్వాత కొత్తిమీర,
మొలిచింది, ఓసారి చూసింది, పడుకుంది.

"నీ చేతిలోనే ఏదో ఉందే" అంది మా తోడికోడలు.
చేతిలో ఏం లేదు, బోరులో ఉంది.
బకెట్లో నీళ్ళు ఇంకిపోతే
అడుగున తెల్లగా ఒక చార,
సుద్దముక్కతో ఎవరో లెక్క రాసి చెరిపేసినట్టు.
ఉప్పలగుప్తం మండలం మాది.
ఇన్నాళ్ళూ ఉప్పు పేరులోనే ఉండేది.

దడి అవతల ఒకప్పుడు వరి.
ఇప్పుడు నాలుగు రొయ్యల చెరువులు.
రాత్రంతా ఏరేటర్లు నీళ్ళని చిలుకుతూనే ఉంటాయి,
వెన్న వేరే ఎవరింటికో వెళ్తుంది.
ఆ చెరువుల మీదే మా ఆయన కాపలా.
మేత చల్లి, చెక్‌ట్రే ఎత్తి, టార్చి వేసి
రొయ్య పేగు నిండిందో లేదో చూసి
తెల్లారి అయిదింటికి ఇంటికొస్తాడు.
నెలకి పద్నాలుగు వేలు.
అందుకని నేనెవర్నీ ఏమీ అనను.

పాలకూర గింజలు ధనకోటి పిన్ని ఇచ్చింది,
షుగరు మాత్రల చీటీలో పొట్లం కట్టి.
"మొండి ఘటం ఇది. వేసి చూడు."
గింజంటే నున్నగా ఉంటుందనుకున్నాను.
ఇవి పల్లేరుకాయకి చెల్లెళ్ళు.
ఒక్కోదాంట్లో రెండు మూడు ప్రాణాలుంటాయిట.

కాలువ కట్టేసినప్పుడు పూడిక తీస్తుంటే
ఆరు తట్టల ఒండ్రు అడిగి తెచ్చుకున్నాను.
గేదెపేడ కలిపి, మంచమంత మడి చేసి
కార్తీకం దాకా ఆగేను.
కొనుక్కునే మంచినీళ్ళ టిన్నులోంచి
ఒక గ్లాసుడు వంచి రాత్రంతా నానేసేను.
మొదటి తడైనా తియ్యగా ఉండాలని.
కోడి గెలక్కుండా పాత రొయ్యల వల కప్పేను.

ఏడోనాటికి లేచేయి,
గడ్డిపోచని నిలువునా చీల్చినట్టు రెండేసి ఆకులు.
తుపాను జల్లు పడ్డ రోజు జానెడు ఉత్సాహం,
బోరు నీళ్ళు పట్టిన రోజు కొంచెం ఆలోచన.
ఆలోచించేయి గానీ ఆగలేదు.
ఒక ఆకులోపల పురుగేదో తెల్లగా దారి వేసుకుంది.
"అమ్మా, గోదారి పాయ" అంది మా హిమజ,
సాంఘికం పుస్తకం పక్కన ఆకు పెట్టి.
సముద్రం ఎటుందో నేనడగలేదు.

నెల తిరిగేక కోత.
వేరు కదపకుండా, మొదట్లో రెండు వేళ్ళు వదిలి
గోటితో తుంచేను.
కందిపప్పు, పచ్చిమిర్చి, చింతపండు రెబ్బ.
ఉప్పుడబ్బా మూత తీసి
ఎందుకో ఒక పచ్చి ఆకు నమిలేను.
మూత మళ్ళీ పెట్టేసేను.

ఆయన రెండు ముద్దలు తిన్నాక అడిగేను,
"ఉప్పు సరిపోయిందా?"
"అచ్చంగా."
"నేను వెయ్యలేదు."
మూడో ముద్ద చేతిలో ఆగింది.
దడి వైపు చూసేడు,
అక్కడ చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.
కాసేపటికి కంచం నావైపు జరిపేడు.
ఇంకో గరిటె వేసేను.

ఇది ఫాల్గుణం. ఎండ ముదిరింది.
రెండు మొక్కల్ని కొయ్యకుండా వదిలేను.
నడుమెత్తు కాడ లేచి, ఆకు చేదెక్కి
గుత్తులుగా గింజ కడుతోంది.
తల్లి ఈ బోరు నీళ్ళే తాగింది,
పిల్లలకి మంచినీళ్ళ టిన్ను అక్కర్లేదేమో. చూడాలి.
చెరువు ఇంకో రెండెకరాలు ఇటు జరుగుతుందని
ఆయనే చెప్పేడు, చెప్పులు విప్పుతూ.
మా తోడికోడలు గింజలడిగింది.
వెనక వీధిలో ఇంకో నలుగురు అడిగేరు.

పిన్ని మందుల చీటీలు దాచమన్నాను.